స్నోడెన్ ముందా, అఫీషియల్ సీక్రెట్స్ ముందా?

మా తిరుపతి బ్యాచ్‌లో ఈ మధ్య ఇదే గొడవ, గవర్నమెంట్ గుట్టు బయటపెట్టినోళ్ల సినిమాల్లో ఏది ముందు చూడాల అని. అందరూ స్నోడెన్ అంటారు, అమెరికా నిఘా గుట్టు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ పేరు తెలుసు కాబట్టి. నేను మాత్రం 2019లో వచ్చిన అఫీషియల్ సీక్రెట్స్ అంటా.

స్నోడెన్ 2016ది, ఆలివర్ స్టోన్ తీసినాడు. జోసెఫ్ గోర్డన్ లెవిట్ గొంతుతో సహా దింపేసినాడు, అందులో వంక పెట్టేదానికి లేదు. కానీ డైరెక్టర్‌కి కథ మీద నమ్మకం చాల్లేదేమో అనిపిస్తుంది, మెమొరీ కార్డుని రూబిక్స్ క్యూబ్‌లో దాచి సెక్యూరిటీ దాటించడం, బాస్ మొహం గోడంత స్క్రీన్ మీద కనపడి బెదిరించడం, ఇట్లా మసాలా దట్టించినాడు, పైగా రెండుంపావు గంటల సినిమా, లవ్ ట్రాక్ దగ్గర మా వాళ్లు ఫోన్లు తీసేసినారు.

అఫీషియల్ సీక్రెట్స్‌లో ఛేజులు లేవు గన్నులు లేవు. బ్రిటన్ నిఘా ఆఫీసులో పనిచేసే కాథరిన్ గన్‌కి 2003 జనవరిలో ఒక మెయిల్ వస్తుంది, ఇరాక్ యుద్ధం ఓటు కోసం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దేశాల వాళ్ల మీద నిఘా పెట్టడానికి సాయం చేయమని అమెరికా అడుగుతుంది. ఆమె దాన్ని బయటికి పంపేస్తుంది, మార్చిలో అబ్జర్వర్ పేపర్లో వస్తుంది. ఆ పేపర్ ఆఫీసులో ఎవరో అలవాటుగా స్పెల్‌చెక్ కొట్టేసరికి ఆ మెయిల్లోని అమెరికా స్పెల్లింగులు బ్రిటన్‌వి అయిపోయి, అంత పెద్ద వార్త ఫేక్ అని తేల్చేస్తారు చూడండి, నిజంగా జరిగిందే అది, ఏ రైటరూ రాయలేడు అట్లాంటి సీను.

ఇంకోటి, లీకు ఎవరు చేసినారని స్టాఫ్‌ని ఒక్కొక్కర్నే లోపలికి పిలుస్తా ఉంటారు. రెవెన్యూలో చేసి రిటైరైన మా మామ టీ గ్లాసు కింద పెట్టేసి, "ఎంక్వైరీ అంటే ఇట్లానేరా, లోపలికి పోయినోడికన్నా బయట కూర్చున్నోడికే చెమటలు పడతాయి" అన్నాడు. తోటోళ్లు నలిగిపోతుంటే చూడలేక ఆమె నేనే అని ఒప్పుకుంటుంది. 2004 ఫిబ్రవరిలో కోర్టులో ప్రాసిక్యూషన్ సాక్ష్యాలు పెట్టకుండా కేసు వదిలేస్తుంది. అదే 2003 నవంబర్లో మన దగ్గర హైవే పనుల్లో అవినీతి గురించి ప్రధాని ఆఫీసుకి రాసిన ఇంజనీర్ సత్యేంద్ర దూబేని గయలో కాల్చి చంపేసినారు, ఆయన కథ ఎవరైనా ఇంత ఓపిగ్గా తీస్తే బాగుండు.

స్నోడెన్ కథే కావాలంటే 2014 డాక్యుమెంటరీ సిటిజన్‌ఫోర్ ఉండాది, ఆస్కార్ కూడా వచ్చింది. హాంకాంగ్ హోటల్ రూములో అసలు మనిషే మాట్లాడతా ఉంటే ఫైర్ అలారం మోగుతుంది, టెస్టింగే అని చెప్తారు కానీ అందరూ మొహమొహాలు చూసుకుంటారు. స్టోన్ రెండుంపావు గంటల్లో తేలేని భయం అది.

కాబట్టి ముందు అఫీషియల్ సీక్రెట్స్, తర్వాత సిటిజన్‌ఫోర్. నికోలస్ కేజ్ ఫ్యాన్ ఎవరైనా ఉంటే స్నోడెన్ పెట్టుకోండి, ఆయన ఉండేది కాసేపే అని మాత్రం ముందే చెప్పేయండి.