ఈత రాని కుటుంబంతో జాలీబాయ్ దీవికి

అండమాన్ వెళ్దామనుకున్నప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్. అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పాపకి పదకొండు, బాబుకి ఏడు. మా ఆవిడకి నీళ్ళంటే భయం. ఐదుగురిలో ఈత వచ్చింది నాకొక్కడికే, అదీ చిన్నప్పుడు బావిలో నేర్చుకున్నది. ఇలాంటి వాళ్ళతో స్నార్కెలింగ్, అంటే మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ లోపలి చేపల్ని, పగడాల్ని చూడటం, కుదురుతుందా అని అడిగేవాళ్ళకి నా జవాబు: కుదురుతుంది, కానీ చోటు చూసుకుని వెళ్ళాలి. మేం మూడు చోట్లకి వెళ్ళాం. మళ్ళీ వెళ్తే మాత్రం జాలీబాయ్‌కే వెళ్తాం.

జాలీబాయ్ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఒక చిన్న దీవి. 1983లో ఏర్పాటైన ఈ పార్కులో పర్యాటకులని పంపేది ఒకసారికి ఒక దీవికే. చలికాలం నుంచి మే నెల దాకా సుమారుగా జాలీబాయ్, మిగతా నెలల్లో రెడ్‌స్కిన్. ఒకచోట పగడాలకి విశ్రాంతి ఇచ్చి ఇంకోచోట తెరుస్తారన్నమాట. సోమవారం సెలవు. పర్మిట్, బోటు టికెట్టు ముందు రోజే తీసుకున్నాం; అందరి ఐడీ కార్డులూ వెంట ఉండాలి.

బోటు ఎక్కేది వండూర్ జెట్టీలో. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్‌బ్లెయిర్ నుంచి పాతిక కిలోమీటర్ల పైనే. మేం ఊళ్ళో అబర్డీన్ బజార్ దగ్గర ఒక హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, కానీ పొద్దున్నే టిఫిన్ కట్టిస్తామని రాత్రి చెప్పి, తెల్లారేసరికి కిచెన్ ఇంకా తెరవలేదన్నారు. రాత్రే అరటిపళ్ళు, బిస్కెట్లు కొని ఉంచుకోబట్టి పిల్లలు ఆకలికి ఏడవలేదు.

జెట్టీలో బ్యాగులు విప్పి చూస్తారు. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు లోపలికి రానివ్వరు. బిస్కెట్లు రేపర్ తీసి స్టీలు డబ్బాలో పోసుకున్నాం. నీళ్ళ సీసాకి డిపాజిట్ కట్టాలి, తిరిగొచ్చి సీసా చూపిస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. క్యూలో కొందరు విసుక్కున్నారు గానీ, దీవి మీద ఒక్క కవరు కూడా కనిపించలేదంటే కారణం ఈ తనిఖీయే. టాయిలెట్ పని కూడా ఇక్కడే చూసుకోండి. దీవి మీద ఉంటుందన్న నమ్మకంతో ఎక్కొద్దు, పెద్దవాళ్ళున్నప్పుడు మరీ.

ప్రయాణం దాదాపు గంట. రెండు పక్కలా మడ అడవులు, దీవులు అడ్డుండటంతో సముద్రం చెరువులా ఉంది. వాంతుల మాత్ర అమ్మకి ముందే వేశాం, ఇబ్బంది పడలేదు. కష్టమైంది దిగేటప్పుడు. దీవికి జెట్టీ లేదు. పెద్ద బోటు నుంచి గ్లాస్ బాటమ్ బోటులోకి (అడుగున గాజు ఉన్న చిన్న బోటు) మారి, దాంట్లోంచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాలి. ఊగుతున్న బోటు అంచు మీద అమ్మ కాలు పెట్టలేక ఆగిపోయింది. బోటు కుర్రాళ్ళిద్దరు చెరో చెయ్యీ పట్టుకుని "నెమ్మదిగా అమ్మా" అని తెలుగులోనే అన్నారు. అక్కడ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ మాట వినగానే అమ్మ ముఖంలో భయం సగం పోయింది.

గ్లాస్ బాటమ్ బోటులో చిన్న రౌండు టికెట్టులోనే వస్తుంది, ఎక్కువసేపు తిరగాలంటే విడిగా కట్టాలి. అమ్మ కోసం కట్టాం, ఆ డబ్బు వృథా కాలేదు. గాజులోంచి జింక కొమ్ముల్లాంటి పగడాలు, గుండ్రంగా మెదడులా ముడతలు పడ్డవి చూసి "ఇవి రాళ్ళా, మొక్కలా?" అంది. రెండూ కాదు, వేలాది చిన్న జీవులు ఒకచోట కట్టుకున్న ఇళ్ళు అని చెప్పాను. వాటికి రంగు, తిండి చాలావరకు లోపల ఉండే నాచు వల్లే వస్తాయి. నీళ్ళు బాగా వేడెక్కితే పగడం ఆ నాచుని బయటికి తోసేసి తెల్లబడుతుంది. 2010లో, 2016లో అండమాన్ పగడాలు అలా దెబ్బతిన్నాయి. బూడిద రంగులో విరిగిపడి ఉన్న మేటలు మాకూ కనిపించాయి. వాటి మధ్య కొత్తగా లేస్తున్న చిన్న కొమ్మలని పాప వేలితో చూపించింది.

ఇక స్నార్కెలింగ్. బాబుకి ఇచ్చిన మాస్కు పెద్దవాళ్ళది. నీళ్ళు లోపలికి వస్తున్నాయంటే, ఇచ్చినతను పట్టీ ఇంకా బిగించాడు. ఇంకా ఎక్కువ కారింది, వాడు ఏడుపు మొదలెట్టాడు. "కాసేపటికి అలవాటవుతుంది" అన్న అతని మాట నాకు నచ్చలేదు. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోతే పిల్లాడు మళ్ళీ నీళ్ళ దగ్గరికే రాడు. ఇంకో పెద్ద గైడు చూసి చిన్న మాస్కు తెచ్చాడు. పట్టీ వెయ్యకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చమన్నాడు. మాస్కు అలాగే అతుక్కుంది. అప్పుడు పట్టీ వదులుగానే వేసి, కింద ఇరుక్కున్న జుట్టు తీశాడు. ఇక చుక్క నీరు రాలేదు. పిల్లలున్నవాళ్ళు వాళ్ళ సైజు మాస్కు ముందే కొని తీసుకెళ్ళండి.

లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్ళ మీద తేలే ట్యూబు పట్టుకుంటే గైడు లాక్కెళ్తాడు, ఈత అక్కర్లేదు. నోటితో ఊపిరి తీసుకోవడం ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ప్యారట్ ఫిష్ పగడాన్ని కొరుకుతుంటే కరకరమన్న చప్పుడు నీళ్ళలో స్పష్టంగా వినిపించింది. మా నీడ పడగానే ఒక పెద్ద ఆల్చిప్ప మూసుకుపోయింది. నీళ్ళంటే భయపడే మా ఆవిడ రెండోసారి కూడా వెళ్తానంది.

మేం వెళ్ళిన మిగతా రెండు చోట్లలో నార్త్ బే దగ్గరే, వెళ్ళడం సులువు, కానీ రద్దీ. జెట్ స్కీల మోత. హావ్‌లాక్ దీవిలోని (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఎలిఫెంట్ బీచ్‌లో నీళ్ళు అందంగా ఉన్నాయి గానీ మా గైడు ఫొటోలు తీసి పది నిమిషాల్లో ఒడ్డుకి తెచ్చేశాడు. పైగా ఆగడానికి పగడం మీదే నిలబడ్డాడు. వద్దన్నాను, నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజంతా మనసు బాగోలేదు.

జాలీబాయ్‌లో దొరికేది రెండు మూడు గంటలే. పొడుగు చేతుల చొక్కా వేసుకోకపోవడంతో నా వీపు కాలి, రెండు రాత్రులు బోర్లా పడుకున్నాను. బాబు ఏరిన గవ్వలు ఒడ్డునే వదిలించాం. పగడపు ముక్కలు తేవడం చట్టరీత్యా నేరం. వండూర్‌లో దిగి, సీసాలు చూపించి డిపాజిట్ వెనక్కి తీసుకున్నాం. పక్కనున్న బీచ్‌లో మొసళ్ళున్నాయి జాగ్రత్త అన్న బోర్డు చూసి నీళ్ళ దాకా వెళ్ళలేదు. ఐదున్నరకల్లా చీకటి పడిపోయింది. కారులో అమ్మ హైదరాబాద్‌లో ఉన్న పిన్నికి ఫోన్ చేసి, గాజులోంచి చూసిన చేపల రంగులు ఒక్కొక్కటే చెబుతూ కూర్చుంది.