స్కూల్ వర్క్‌షాప్‌కి టూల్స్ ‘సెట్టు’ లెక్కన కొనకండి

హైస్కూళ్లకు, ఒకేషనల్ గ్రూపులున్న జూనియర్ కాలేజీలకు టూల్ కిట్లు సప్లై చేస్తామని బ్రోషర్లు పట్టుకుని తిరిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందరూ మోసగాళ్లని అనను. కానీ మా స్కూలుకి వచ్చినాయన చేసిన నిర్వాకం చూశాక తోటి క్రాఫ్ట్ టీచర్లకు, ఒకేషనల్ ఇన్‌స్ట్రక్టర్లకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి పేరు, ఊరు రాయడం లేదు. పద్ధతి మాత్రం దాచకుండా రాస్తాను. రేపు ఇంకో పేరుతో ఇంకో జిల్లాలో దిగినా పద్ధతి ఇదే ఉంటుంది.

శాంపిల్‌గా తెచ్చిన పెట్టెలో అన్నీ మేలైనవే. టపారియా కటింగ్ ప్లయర్, జేకే ఆకురాయి (ఇనుమును అరగదీసే ఫైల్), చేత్తో ఎత్తితే బరువు తెలిసే బెంచ్ వైస్ (బల్లకు బిగించి, పని చేసే ముక్కను కదలకుండా పట్టి ఉంచేది). హెచ్‌ఎం గారి టేబుల్ మీద పరిచి, ప్లయర్‌తో మేకు తుంచి మరీ చూపించాడు. ధర బజారు కంటే తక్కువ. ఎలా గిట్టుబాటవుతుందని అడిగితే, "స్కూలు పిల్లల కోసం కదా సార్, లాభం చూసుకోం" అన్నాడు. వ్యాపారి నోట ఈ మాట వచ్చినప్పుడు అనుమానపడటం తప్పేమీ కాదు.

కొటేషన్‌లోనూ, తర్వాత బిల్లులోనూ ఉన్నది ఒకటే లైను: ‘స్కూల్ వర్క్‌షాప్ టూల్ కిట్, 1 సెట్’. ఏ కంపెనీ, ఎన్ని అంగుళాలు, ఎన్ని గ్రాములు, ఏదీ లేదు. సరుకు వచ్చాక ఇది శాంపిల్‌లో చూపించింది కాదని ఫోన్ చేస్తే ఆయన గొంతు కూడా పెంచలేదు. "బిల్లులో కంపెనీ పేరు ఎక్కడుందో చూపించండి సార్" అన్నాడు. అసలు మోసం ఆ ఒక్క లైన్లోనే ఉంది.

ఇక వచ్చిన సరుకు సంగతి. రంగులు అవే, డబ్బాల డిజైన్ అదే, పేరులో మాత్రం ఒక అక్షరం తేడా. వైస్ మీద నీలం పెయింట్ నిగనిగలాడుతోంది. దవడ పక్కన ఒకచోట పెయింట్ కాస్త ఉబ్బినట్టుంటే గోటితో గీకాను. పెయింట్ కింద లప్పం! పోత పోసినప్పుడు ఇనుములో పడ్డ బొక్కల్ని లప్పంతో పూడ్చి పైన రంగేశారు. తొమ్మిదో తరగతి కుర్రాడు పైపు ముక్క పెట్టి హ్యాండిల్ బిగిస్తే సరిగ్గా అక్కడే పగిలింది. ఉలులదీ అదే కథ. వేప చెక్క మీద కొడితేనే అంచు మడత పడింది. స్క్రూడ్రైవర్ల మీద ‘క్రోమ్ వెనేడియం’ అని, అంటే గట్టి రకం స్టీలని, అచ్చు ఉంది గానీ, తుప్పు పట్టిన స్క్రూ ఒకటి తిప్పేసరికి మొన మెలి తిరిగింది. ఆ అక్షరాలు కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, డై ఒకటి ఉంటే చాలు.

నాకు ఎక్కువ కోపం వచ్చింది సుత్తుల విషయంలో. పిడి చెక్క పచ్చిది. ఎండకు ఆరి కుంచించుకుపోగానే తల కదలడం మొదలైంది. పైనుంచి చూస్తే కన్నంలో చీల లేదు, ఎం-సీల్ లాంటిదేదో నింపి నల్ల పెయింట్ పూశారు. పైకెత్తినప్పుడు ఆ తల ఊడితే వెనక నిలబడ్డ పిల్లవాడి పరిస్థితి ఏమిటి? ఆ సుత్తులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాం. కంప్లయింట్ చేస్తే వచ్చిన జవాబు, "మీ పిల్లలకు వాడటం రాలేదు సార్." ఈ జవాబు మీకూ వస్తుంది. అందుకే సరుకు దిగిన రోజే, పిల్లల చేతికి ఇవ్వకముందే, పెట్టె తెరవడం దగ్గర్నుంచి ప్రతి టూలూ పరీక్షించడం దాకా ఫోన్‌లో వీడియో తీయించండి.

పరీక్షలకు మెషీన్లేమీ అక్కర్లేదు. పోత ఇనుము వైస్‌ని చిన్న సుత్తితో తట్టి వినండి, కుండ కొనేటప్పుడు మోగించి చూస్తామే, అలాగే. ఖంగుమంటే సరే, బొంగురుగా మోగితే పగులో బొక్కో ఉన్నట్టు. ప్లయర్ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి, కత్తిరించే అంచుల మధ్య వెలుగు కనిపించకూడదు. తర్వాత ఒక మేకు తుంచి ఆ అంచును వేలితో తడమండి, సొట్ట తగిలితే తిప్పి పంపేయండి. ఆకురాయిని పాత ఆకురాయి అంచు మీద మెల్లగా రుద్దండి. మంచిదైతే జారిపోతుంది, మెత్తనిదైతే దాని పళ్లే మెరుస్తూ అరుగుతాయి. స్టీల్ స్కేలు మీద థిన్నర్ గుడ్డతో తుడిస్తే ముద్రించిన గీతలు పోతాయి, చెక్కినవి పోవు.

మూలమట్టం (మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూసే పరికరం) పరీక్షించడం చాలామంది వదిలేస్తారు గానీ పిల్లల పని చెడేది ఎక్కువగా దానివల్లే. అంచు తిన్నగా ఉన్న పలక తీసుకుని, మూలమట్టం ఆనించి సన్నని పెన్సిల్‌తో ఒక గీత గీయండి. దాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే 90 డిగ్రీలు ఉన్నట్టు. పైకి వెళ్లేకొద్దీ విడిపోతే ఆ తేడాలో సగం మూలమట్టం తప్పు. మాకు వచ్చినవాటిలో ఒకదాని గీతలు చివర్లో రెండు మిల్లీమీటర్లు విడిపోయాయి. దాంతో పెట్టె చేయిస్తే నాలుగో మూల ఎక్కడ కలుస్తుంది?

కరెంటు పని నేర్పే చోట ఇంకా జాగ్రత్త. ప్లయర్ కాళ్లకు ఎర్రటి, పసుపు రంగు ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన అది ఇన్సులేషన్ కాదు. ఒకదానితో ఒకటి కలిసిన రెండు త్రికోణాల గుర్తు, పక్కన 1000 వోల్టులు అని ఉండాలి. అది లేని తొడుగు చేతికి మెత్తగా ఉండటానికే. గుర్తు ఉన్నా సరే, పిల్లల చేత లైవ్ వైరు ముట్టించొద్దు.

ఇప్పుడు అసలు పని, ఇండెంట్, అంటే కొనాల్సిన వస్తువుల జాబితా. ఒక్కో వస్తువుకి ఒక్కో లైను రాయండి, కంపెనీ, సైజు, బరువు, నగాల సంఖ్యతో సహా. భారతీయ ప్రమాణాల నంబర్లు కూడా వేయండి. కాంబినేషన్ ప్లయర్లకు ఐఎస్ 3650, సుత్తులకు ఐఎస్ 841, ఆకురాళ్లకు ఐఎస్ 1931. టూల్ మీద ఐఎస్‌ఐ గుర్తు ఉంటే దాని దగ్గర సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే లైసెన్స్ ఎవరిదో, ఏ సరుకుదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. శాంపిల్ చూపిస్తే దాని మీద హెచ్‌ఎం గారి సంతకంతో చీటీ అంటించి మీ దగ్గరే ఉంచుకోండి. ఇవ్వనన్నాడా, ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి. ప్రభుత్వ స్కూళ్లు జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్) కొంటే, సరుకు చూడకుండా సీఆర్‌ఏసీ (సరుకు అంది, ఒప్పుకున్నామనే సర్టిఫికెట్) ఇచ్చేయొద్దు. అది ఇచ్చారంటే సరుకు ఒప్పుకున్నట్టే, తర్వాత గొడవపడటం చాలా కష్టం. ప్రైవేటుగా కొని మోసపోయినవాళ్లకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫోన్ చేసేముందు బిల్లు ఎదురుగా పెట్టుకోండి.

హైదరాబాద్ దగ్గరివాళ్లైతే ఒక రోజు వీలు చేసుకుని రాణిగంజ్ వెళ్లండి. నాలుగు షాపులు తిరిగితే ధరల మీద ఒక అంచనా వస్తుంది, ప్రతి వస్తువూ చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. దూరం వాళ్లు మీ టౌన్లో ఐటీఐ వాళ్లు ఎక్కడ కొంటున్నారో కనుక్కోండి, రోజూ వాడేవాళ్లకు నాసిరకం అమ్మి ఏ షాపువాడూ నిలబడలేడు. ఉలుల విషయంలో నా సలహా వేరు. పని తెలిసిన కమ్మరి మీ ఊళ్లో ఇంకా కొలిమి పెడుతుంటే, పాత లారీ కమాన్ పట్టీతో చేయించండి. అది స్ప్రింగ్ స్టీలు, సరిగ్గా కాల్చి పదును పెడితే బ్రోషర్ ఉలులు దాని ముందు నిలవవు. సుత్తి పిడికి ఎండిన తుమ్మ కర్ర వేయించి, కన్నంలో చీల కొట్టించండి.

హ్యాక్‌సా (ఇనుము కోసే రంపం) బ్లేడ్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. చవక కార్బన్ బ్లేడ్లు గట్టిగానే ఉంటాయి, కాస్త వంగితే ముక్కలై ఎగురుతాయి. కొత్తగా నేర్చుకునే చెయ్యి వంకర పోకుండా ఉండదు. బై-మెటల్ బ్లేడ్ వంగుతుంది గానీ అంత తొందరగా విరగదు. పలచటి రేకు, కండ్యూట్ (కరెంటు వైర్లు పోయే) పైపులకు అంగుళానికి 32 పళ్లున్నది, మామూలు ఇనుప పనికి 24 పళ్లున్నది అని ఇండెంట్‌లో స్పష్టంగా రాయండి. లేకపోతే అన్నీ 18 పళ్లవే వస్తాయి, రేకులో పన్ను ఇరుక్కుని ఊడిపోతుంటుంది.

బడ్జెట్ చాలదని టెన్షన్ పడి సంఖ్య కోసం నాసిరకం కొనొద్దు. క్లాసులో నలభై మంది ఉంటే నలభై సుత్తులు అక్కర్లేదు. బ్యాచ్‌లు చేసి ఒక బ్యాచ్ గీత గీస్తుంటే ఇంకోటి కోస్తూ, మూడోది ఆకురాయి పడుతూ ఉంటే పద్నాలుగు మందికి సరిపడా మంచి టూల్స్‌తో పని నడిచిపోతుంది. పిల్లలకు 200, 300 గ్రాముల సుత్తి చాలు, పెద్దవాళ్ల సుత్తిలో డబ్బూ ఎక్కువే, దెబ్బా ఎక్కువే. గ్రాంటు మొత్తం ఒకేసారి ఖర్చు పెట్టకుండా, రూల్స్ ఒప్పుకుంటే, ఐదో వంతైనా బ్లేడ్లకు, పిడులకు, ఆకురాళ్లకు మిగుల్చుకోండి. ముందు అరిగిపోయేవి అవే, వాటికి మళ్లీ శాంక్షన్ రావాలంటే ఏడాది పడుతుంది.