మూరెడు గాలపు కర్రకు పద్నాలుగు వందల యాభై

సికింద్రాబాదులో గాలాలు, వలలు అమ్మే ఒక దుకాణదారుడు ‘తొంభైతొమ్మిది శాతం కార్బన్’ అని నమ్మబలికి మా బావమరిదికి అంటగట్టిన టెలిస్కోపిక్ కర్ర (ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలది), కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలలో అరకిలో కూడా తూగని జెల్ల చేప పడగానే నడిమికి విరిగింది. విరిగిన చోట నల్లగా ఉండవలసింది పోయి, రంగు పూత కింద తెల్లటి పీచు బయటపడింది. అది గాజుపీచు, అంటే ఫైబర్‌గ్లాస్. గాజుపీచు కర్ర చెడ్డదని కాదు. బరువుగా ఉన్నా మొరటు వాడకానికి కార్బన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. ఏడెనిమిది వందలకు దొరికే నాసిరకం గాజుపీచు కర్రకు కార్బన్ స్టిక్కరు అంటించి, దారం చుట్టుకునే బొమ్మలాంటి రీలు జత చేసి, ₹1,450 వసూలు చేయడమే నాకు మింగుడుపడని విషయం.

ప్రయాణం సాఫీగానే సాగింది. హైదరాబాదు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి కొల్లాపూర్ దాకా ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి ఆటో. శ్రీశైలం జలాశయం వెనుక జలాలు చలికాలంలో ఊరి రేవు దాకా నిండుగా ఉంటాయి. అవతల సంగమేశ్వరుడి గుడి నీటిలోనే ఉంది, అది వేసవిలో నీరు తగ్గాక గాని బయటపడదు. అటు చూపించి తీసుకురావడానికి పడవవాడు మనిషికి వంద రూపాయలు అడిగాడు. ఇచ్చాం, బేరం చేయలేదు.

బస్సులో వెళ్లేవారికి కర్ర మడిస్తే ఎంత పొడవుంటుందన్నదే మొదటి ప్రశ్న కావడం సహజం. బావమరిది కర్ర మూసినప్పుడు 40 సెంటీమీటర్లు, తెరిస్తే 2.1 మీటర్లు. నాది నాలుగు ముక్కలుగా ఊడదీసేది. పొడవు అంతే, ముక్కలు మాత్రం 56 సెంటీమీటర్ల చొప్పున ఉంటాయి. ‘బావా, నీది సంచిలోంచి తల బయటపెట్టి లోకాన్ని చూస్తోంది’ అని జడ్చర్ల దాటేదాకా ఎగతాళి చేశాడు. ఆ 16 సెంటీమీటర్ల తేడా కోసం అతడు వదులుకున్నదేమిటో నీళ్ల దగ్గర తెలిసింది.

ఒకదానిలో ఒకటి దూరే గొట్టాల కర్రను మరీ పొట్టిగా మూయాలంటే గొట్టాల సంఖ్య పెంచక తప్పదు. ప్రతి అతుకు దగ్గరా కర్ర బిరుసెక్కుతుంది కాబట్టి వంపు ఒకే తీరుగా రాక, బరువంతా ఏదో ఒక అతుకు మీద పడుతుంది. దారం నడిచే రింగులను కూడా గొట్టం చివరల్లోనే బిగించాలి తప్ప కర్ర వంపుకు తగిన చోట పెట్టే వీలుండదు. నాలుగు ముక్కల కర్రలో ఈ చిక్కు లేదు; రింగులు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి, అతుకులు మూడే ఉంటాయి. మంచి కంపెనీల టెలిస్కోపిక్ కర్రలు ఈ లోపాన్ని చాలావరకు దిద్దుకున్నాయిగాని, వాటి ధర నాలుగు ముక్కల కర్రతో సమానమైనప్పుడు అవి కొనడానికి కారణం కనిపించదు. ద్విచక్రవాహనం మీద వెళ్లేవారికి, చిన్న సంచి తప్ప మరేదీ మోయనివారికి మాత్రం టెలిస్కోపిక్ నయం. అప్పుడైనా మూసిన పొడవు 50 సెంటీమీటర్లకు తగ్గనిది చూసుకోవాలి.

ఆ సాయంత్రం గాలం విసిరిన ప్రతిసారీ పై గొట్టం జారి లోపలికి పోయేది. బిగించి తిప్పితే కాసేపు నిలిచేది. తరువాత కొస రింగులోని పింగాణీ పూస ఊడి నీళ్లలో పడింది. ఆ లోహపు అంచుకు రాసుకుని దారం పీచులు లేచింది. ఆపైన ఇసుక దూరి రెండు గొట్టాలు పట్టేశాయి. అడుగున ఉండే మరమూత విప్పి గొట్టాలను బయటికి తీసి కడుక్కోవచ్చు, కాని ఈ కర్రకు ఆ మూతను జిగురుతో అంటించేశారు. బావమరిది మాట్లాడటం మానేశాడు. అతడు మాట్లాడటం మానేశాడంటే ఇంట్లో అందరూ వంటింట్లోకి జరుగుతారు. గుడారంలో జరగడానికి చోటు లేదు.

గుడారం సంగతీ చెప్పాలి. మేము దిగిన శిబిరంవారు మనిషికి ₹1,200 తీసుకుని, ‘చేపల వేట సౌకర్యం ఉంది’ అని ముందే చెప్పి, తీరా వెళ్లాక కర్రకు ₹300 చొప్పున అదనంగా అడిగారు. ఆ సౌకర్యం ఏమిటంటే ఒడ్డున రెండు ప్లాస్టిక్ కుర్చీలు. రసీదు అడిగితే ఫోనులో పంపుతామన్నారు, పంపలేదు. ఊరి మత్స్యకారులను అడిగితే వారు ఒక్క రూపాయి ఆశించకుండా వలలు లేని చోటు చూపించారు, తమ వలల మీదుగా మాత్రం విసరవద్దన్నారు. ముందుగా వారినే అడగండి. దిగువకు వెళ్లేకొద్దీ ఒడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. అనుమతి లేకుండా అటు గుడారం వేయకూడదు, గాలం కూడా వేయకూడదు.

మర్నాడు మధ్యాహ్నం ఊళ్లో ఒక ఇంట్లో ₹150కి పెట్టిన చేపల పులుసు భోజనం మాత్రం బావమరిది నోట మళ్లీ మాట పలికించింది. బొచ్చె ముక్కలు, చింతపండు, కొంచెం మెంతి చేదు, వేడి జొన్నరొట్టె. మళ్లీ వడ్డించినందుకు డబ్బు అడగలేదు.

ఇలాంటి నీళ్లకు నా లెక్క ఇది: నాలుగు ముక్కల కార్బన్ కర్ర ₹3,200, 2500 సైజు స్పిన్నింగ్ రీలు ₹1,650, 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం వంద మీటర్లు ₹180. ఎరకు వానపాములో గోధుమపిండి ముద్దో చాలు. రంగురంగుల కృత్రిమ ఎరల పెట్టె ఇంట్లోనే ఉండనివ్వండి. కొనేటప్పుడు రీలు బిగించి, దారం రింగుల గుండా ఎక్కించి, కొస దారాన్ని దుకాణంలోనే ఒకరిచేత మెల్లగా లాగించాలి. వంపు కొస నుంచి మొదలై సాఫీగా కిందికి దిగిరావాలి. ఒక అతుకు దగ్గర మోచేయిలా మడత కనిపిస్తే అక్కడే వదిలేసి రావాలి. ప్రతి రింగులో దూది తిప్పి చూస్తే పగులున్న చోట పీచు పట్టుకుంటుంది. మూసిన పొడవును అట్ట మీద చదవకుండా టేపుతో కొలవాలి. ఆ కర్ర నిజంగా కార్బనే అయితే మరో జాగ్రత్త కూడా ఉంది: అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి తీగల కింద, ఉరుముల వేళ దాన్ని ఎత్తకూడదు. ఇలా పరీక్షించనివ్వని దుకాణంలో కొనవద్దు.

తిరిగి వచ్చాక విరిగిన కర్రతో ఆ దుకాణానికి ఇద్దరమూ వెళ్లాం. దుకాణదారుడు తెల్లటి పీచును వేలితో తడిమి, కార్బన్ లోపల అలాగే ఉంటుందన్నాడు. ఏడాది గ్యారంటీ మాటేమిటని అడిగితే, నీళ్లలో వాడిన సరుకుకు గ్యారంటీ వర్తించదని, మా ముఖాలు చూస్తూ, నవ్వకుండా చెప్పాడు. గాలపు కర్రను మరెక్కడ వాడాలని బావమరిది అడిగాడు. దానికి జవాబు రాలేదుగాని, మరో కర్ర కొంటే రెండు వందలు తగ్గిస్తానన్నాడు. బావమరిది వేరే దుకాణంలో బిల్లు రాయించుకుని, వంచి చూసి, ₹3,100కు నాలుగు ముక్కల కర్ర కొన్నాడు. పాత రీలు దానికి సరిపోలేదు.