వేడి బావికి ఏ గేజి మేలు? పాత మెకానికలా, ఫ్లాస్కు టూలా?

రాజమండ్రి వైపు ఆయిల్ బావుల్లో పనిచేసి జియోథర్మల్‌కి (భూగర్భ వేడిని వాడుకునే బావులకి) మారిన మిత్రులు తరచూ ఇదే అడుగుతున్నారు: "బావిలోకి దించి ప్రెషర్ కొలిచే అమెరాడా, కుస్టర్ రకం మెకానికల్ గేజి మన దగ్గర ఉంది కదా, దాన్నే వేడి బావికి తగ్గట్టు మార్చుకుందామా? లేక థర్మస్ లాంటి ఫ్లాస్కులో పెట్టిన, రీడింగులు తనలోనే దాచుకునే ఎలక్ట్రానిక్ మెమరీ టూల్ కొందామా?"

చాలామంది డిగ్రీలు చూసి తేల్చుకుంటారు. నేను గంటలు చూస్తాను. ఫ్లాస్కు వేడిని ఆపలేదు, ఆలస్యం చేస్తుంది అంతే. 300 డిగ్రీల దగ్గర లోపలి బోర్డుకీ బ్యాటరీకీ దొరికేది కొన్ని గంటలు. స్కేలు (నీటిలోని ఖనిజాల పెచ్చు) పేరుకున్న చోట టూల్ ఇరుక్కుంటే, దాన్ని పైకి లాగే వించి దగ్గర ఒకటే టెన్షన్. బోర్డు కాలిందంటే డేటా కూడా పోయినట్టే.

మెకానికల్ గేజిలో కాలిపోయే బోర్డు లేదు. ప్రెషర్‌కి బూర్డాన్ ట్యూబు (చుట్టిన లోహపు గొట్టం) విచ్చుకుంటే సూది కదిలి, నల్లపూత ఉన్న పల్చటి రేకు మీద గీత పడుతుంది. 1950ల్లో న్యూజిలాండ్‌లోని వైరాకీ బావుల్ని కొలిచింది ఇలాంటి యంత్రాలతోనే. దీని బలహీనతంతా ఆ రేకుని కదిలించే గడియారంలో ఉంది. మామూలు నూనె ఈ వేడికి మాడి జిగురైపోతుంది. పోయిన నెల మా రేకు మైక్రోస్కోపు కింద పెడితే మొదటి నాలుగు స్టేషన్లూ (గేజిని ఆపి కొలిచిన లోతులు) మెట్లు మెట్లుగా కనిపించాయి, ఆపైన ఒకటే నిలువు గీత. గడియారం ఆగిపోయింది, సూది మాత్రం ఆగలేదు. ఆ గీత కొస చూసి అడుగు ప్రెషర్ తెలుసుకోగలిగాం.

అందుకే మార్పులు గడియారంతో మొదలుపెట్టండి: నూనె పూర్తిగా కడిగేసి పొడి లూబ్రికెంట్ వేయాలి. మామూలు రబ్బరు ఓ-రింగులు పనికిరావు, 300 దాటే చోట లోహపు సీళ్లు నయం. కాలిబ్రేషన్ (తెలిసిన ప్రెషర్‌తో గేజిని సరిచూడటం) వేడిలోనే చేయాలి. వేడికి ట్యూబు మెత్తబడి ఎక్కువ విచ్చుకుంటుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు చేసిన కాలిబ్రేషన్‌తో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది.

ప్రవాహంలో ఉన్న బావికి, స్పిన్నర్ (ప్రవాహ వేగం కొలిచే చిన్న ఫ్యాను) కావాల్సిన చోట ఫ్లాస్కు టూలే దించండి, అంత వివరం రేకు ఇవ్వలేదు. మూసిన బావిలో రాత్రంతా బిల్డప్ (ప్రెషర్ మెల్లగా పెరగడం) చూడాలంటే మాత్రం నా ఓటు మెకానికల్‌కే. కేబుల్ ద్వారా రీడింగులు పైకి రప్పించుకుందామా అంటే, టెఫ్లాన్ కేబుల్ 260 దాటితే నమ్మలేం. ఆప్టికల్ ఫైబర్ బావిలోని హైడ్రోజన్‌కి నల్లబడుతుంది. మణుగూరు దగ్గర సింగరేణి 20 కిలోవాట్ల ప్లాంటు పెట్టిన బోర్ల వేడికి వీటిలో ఏదీ అక్కర్లేదు, మామూలు ఎలక్ట్రానిక్ గేజి చాలు.

మా గేజికి కొత్త గడియారం బిగించాం. దించే ముందు ఓవెన్‌లో పెట్టి, రాత్రంతా ఆగకుండా తిరుగుతుందో లేదో చూస్తున్నాం.