కూతురి పేరెత్తడమా, తండ్రి మాట పట్టుకోవడమా?

2004లో స్వలింగ వివాహాలను నిషేధించే రాజ్యాంగ సవరణకు అమెరికా అధ్యక్షుడు బుష్ మద్దతిచ్చారు. ఉపాధ్యక్షుడు చెనీ కూతురు మేరీ లెస్బియన్ అని అప్పటికే అందరికీ తెలుసు. ఈ విషయంలో బుష్‌ను నిలదీయడానికి ప్రత్యర్థులైన డెమోక్రాట్లకు రెండు దారులున్నాయి.

కూతురి ప్రస్తావన: శ్రమ లేదు, ఒక్క వాక్యం చాలు. ముప్పే ఎక్కువ. అక్టోబరు 5 డిబేట్‌లో డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి ఎడ్వర్డ్స్ మెచ్చుకోలుగా ఎత్తితే చెనీ ధన్యవాదాలతో సరిపెట్టారు. 13న వాళ్ల అధ్యక్ష అభ్యర్థి కెర్రీ మళ్లీ ఎత్తేసరికి మేరీ తల్లి లిన్ భగ్గుమన్నారు. అసలు విషయం పక్కకుపోయి, కెర్రీ మర్యాదే చర్చయింది.

తండ్రి మాట: పాత ప్రసంగాలు వెతకాలి. ఆగస్టులో అయోవాలో చెనీయే స్వలింగ వివాహాల విషయాన్ని రాష్ట్రాలకు వదిలేయాలన్నారు. బుష్‌ను ఇరుకున పెట్టడానికి అది చాలు. ఇంట్లోవాళ్ల జోలికెళ్లారన్న నింద రాదు.

ఎవరి పేరెత్తుతున్నారో ఆ వ్యక్తే వేదికెక్కి ఈ అంశంపై మాట్లాడుతుంటే మొదటిది నప్పవచ్చు. మేరీ ప్రచారంలో పనిచేసినా అలా మాట్లాడలేదు. తమ లైంగికత గురించి బయటికి చెప్పుకోనివాళ్ల విషయంలోనైతే రెండోదొక్కటే దారి.