ఆరున్నర షోకి కథాచిత్రమా, డాక్యుమెంటరీయా?

ప్రపంచ సినిమాల వారం వచ్చిందంటే మా ఇంట్లో పంచాయితీ మొదలు. షెడ్యూల్ కాగితం టేబుల్ మీద పరిచి మా బావ ఎర్ర పెన్నుతో, నేను నీలం పెన్నుతో సున్నాలు చుట్టుకుంటాం. ఏ రోజు చూసినా పేచీ ఆరున్నర షో దగ్గరే. ఒక హాల్లో పేరుమోసిన దర్శకుడి కథాచిత్రం, అదే టైముకి ఇంకో హాల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఏళ్ల తరబడి తీసిన డాక్యుమెంటరీ. బావది కథాచిత్రాల పార్టీ. "పొద్దంతా బ్యాంకులో చూసేది నిజాలేగా, సాయంత్రం కూడా అవే చూడాలారా?" అంటాడు.

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. హైదరాబాద్ ప్రసాద్స్ మల్టీప్లెక్స్ లాంటి చోట పెద్ద తెర మీద మంచు మైదానంలో ఒక్క మనిషి నడిచి వెళ్తుంటాడనుకోండి, ఆ మనిషి చీమంత కనిపించడమే అక్కడ కథ. అదే సినిమా ఇంట్లో టీవీలో పెడితే ఆ చీమ కూడా కనిపించదు. పైగా ఈ ఊరి పిల్లలకి బయటి దేశాల సినిమా అలవాటైంది కథలతోనే. బాలల అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి హైదరాబాదే వేదికగా ఉండేది, 2017 నవంబర్‌లో ఇరవయ్యోది కూడా ఇక్కడే జరిగింది. స్కూలు బస్సుల్లో హాళ్లకి వెళ్లి, భాష తెలియకపోయినా నవ్వాల్సిన చోట నవ్వి వచ్చిన పిల్లల్లో కొందరు ఇవాళ ఈ క్యూల్లో నిలబడుతున్నారు.

డాక్యుమెంటరీకి ఉన్న చెడ్డపేరు పాతది. 1948లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిన్న చిత్రాలు అసలు సినిమాకి ముందు వేసి తీరాలన్నది హాళ్ల లైసెన్సులో షరతు. జనం దాన్ని న్యూస్‌రీలు అనేవాళ్లు. మా నాన్న చెప్పేదాన్ని బట్టి, అది నడిచేంతసేపూ మగవాళ్లు బయట సోడా బండి దగ్గరే ఉండి, సినిమా పేర్లు పడే టైముకి లోపలికొచ్చేవాళ్లట. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది కానీ సోడా బుద్ధి మాత్రం మనల్ని వదల్లేదు. డాక్యుమెంటరీ వేసే హాల్లో ఇప్పటికీ ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

నేను అటు మొగ్గడానికి కారణం ఒక్క సన్నివేశం. చేపలు పట్టే ఊరి మీద తీసిన సినిమా. పదిహేనేళ్ల అమ్మాయి గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కుడుతుంటుంది. నైలాన్ దారం పంటితో పట్టి లాగడం, ముడి వెయ్యడం, బొటనవేలికి చుట్టుకున్న గుడ్డపీలిక సర్దుకోవడం. మూడు నాలుగు నిమిషాలు అదే. మాట లేదు, సంగీతం లేదు. మధ్యలో ఒక్కసారి తలెత్తి కెమెరా వైపు చూసి, ఇంకా ఉన్నారా మీరు అన్నట్టు మళ్లీ తల దించేసుకుంటుంది. ఇంట్లో అయితే రెండో ముడికే పది సెకన్లు ముందుకి జరిపేసేవాణ్ని, అందులో అనుమానం లేదు. హాల్లో రిమోట్ లేదు కాబట్టి చూశాను. చూశాక ఆ పిల్ల బొటనవేలు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అయిపోయాక దర్శకురాలు ముందుకొచ్చి నిలబడింది. కెమెరా గురించి, బడ్జెట్ గురించి ఇంగ్లీషులో ప్రశ్నలు నడుస్తుంటే వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "ఆ అమ్మాయి చదువు మానేసిందా తల్లీ?" అని తెలుగులోనే అడిగాడు. పక్కనున్నవాళ్లు ఆమెకి హిందీలో చెప్పారు. ఆమె కాసేపు మైకు పట్టుకుని ఊరుకుంది. కథాచిత్రం తర్వాత ఇలాంటి ప్రశ్న పుట్టదు. కథలో పిల్ల తెర దిగగానే మేకప్ కడుక్కుని ఇంటికి వెళ్లిపోయి ఉంటుందని మనకి తెలుసు.

ఇంకో లెక్క కూడా ఉంది. మామూలుగా హాల్లో బొమ్మ ఆడాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఉత్సవాలకి కేంద్ర సమాచార శాఖ మినహాయింపు ఇస్తుంది, అదీ పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లకి వేసే షోలకే, అందుకే డెలిగేట్ కార్డులు మెళ్లో వేసుకుని తిరుగుతాం. పేరున్న కథాచిత్రం ఇవాళ తప్పిపోతే రేపు ముబి లాంటి ఓటీటీ యాప్‌లోనో ఇంకెక్కడో దొరికే అవకాశం ఉంది. చిన్న డాక్యుమెంటరీని హాళ్లకి కొనేవాళ్లు ఉండరు, కొనేవాడు లేనప్పుడు సర్టిఫికెట్ కోసం ఎవరు తిరుగుతారు? ఓటీటీలో డాక్యుమెంటరీ అంటే ఎక్కువగా హత్యలూ, క్రికెట్టూ. అంచేత తప్పిపోతే దొరకనిదే ముందు చూడాలన్నది నా వాదన.

అలాగని ప్రతి డాక్యుమెంటరీకీ దండం పెట్టను. పుస్తకాల బీరువా ముందు ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడించే రకం ఉంటుంది చూడండి, దానికి హాలెందుకు, రేడియో చాలు. ఇరవై నిమిషాలు చూసి లేచి వచ్చేస్తాను. రోజులో నాలుగో సినిమా అయినప్పుడు కూడా బావ మాటే వింటాను. అప్పటికే కళ్లు మండుతుంటాయి, డాక్యుమెంటరీలో మనుషులు ఆగకుండా మాట్లాడతారు, కింద అక్షరాల వెంట పరిగెత్తలేం. కథాచిత్రంలో మౌనాలుంటాయి, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

హాలు కూడా చూసుకోవాలి. పెద్ద తెరైతే ఎర్ర పెన్నుకే నా ఓటు. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ లాంటి చిన్న హాలైతే డాక్యుమెంటరీకి పోయేదేమీ లేదు, పైగా దర్శకుడితో మైకు లేకుండానే మాట్లాడొచ్చు. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో బండరాయి పక్కన, చేతిలో సమోసా, చాయ్‌తో చూస్తే మరీ మంచిది. ఒకచోట మాత్రం (పేరెందుకులెండి) మాట ముందూ పెదవి వెనకా అయిపోయి గంటసేపు అలాగే నడిపించారు. కథాచిత్రమైతే జనం గోల చేసేవాళ్లు, డాక్యుమెంటరీ కాబట్టి అదేదో ప్రయోగం అనుకుని ఊరుకున్నాం.

ఇంట్లోనే చూసుకుంటే పోలా అని మా అమ్మ అంటుంది. ఆ బొటనవేలు సంగతి చెప్పాక ఇక దానికి జవాబక్కర్లేదు.

ఆ వల సినిమా రోజు బావ తన కథాచిత్రానికి, నేను దానికి వెళ్లి, రాత్రి లక్డీకాపూల్ మెట్రో స్టేషన్‌లో కలిశాం. ఆయన సినిమా చాలా బాగుందన్నాడు, కథంతా చెప్పాడు. నేను ఆ పిల్ల గురించి చెప్పాను. ఊఁ కొట్టి ఫోన్ తీసుకున్నాడు. అమీర్‌పేట దాటాక ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఇంతకీ చదువు మానేసిందా?" అన్నాడు.

"ఆవిడకీ తెలీదట బావా."