ముందు పట్టాలు, తర్వాతే ఇంజన్: ఓఓ గేజ్‌లో గ్రేట్ వెస్టర్న్ బ్రాంచ్ లైన్, ఏళ్ల తరబడి నడిపాక

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో కాపురం పెట్టినవాడికి గ్రేట్ వెస్టర్న్ రైల్వే గాలి సోకక తప్పదు. 1986లో మూతపడేదాకా ఆ కంపెనీ కట్టిన ఇంజన్ల వర్క్‌షాపే ఈ ఊరికి అన్నం పెట్టింది. మా ఇంట్లో వెనక గదిలో నేను కట్టుకున్న బొమ్మ రైలు లేఅవుట్ కూడా ఆ కంపెనీదే. డెవాన్‌లోని యాష్‌బర్టన్‌ను మనసులో పెట్టుకుని కట్టిన చిన్న చివరి స్టేషన్ అది. అసలు యాష్‌బర్టన్‌కి రైలు 1872లో వచ్చింది, ప్రయాణికుల బండి 1958లో ఆగిపోయింది. ఆ లైన్లో టోట్నెస్ నుంచి బక్‌ఫాస్ట్‌లీ దాకా ఇప్పటికీ ఆవిరి బండి నడుపుతున్నారు. ఆపైన ఉన్న దారిలో కొంత భాగాన్ని ఏ38 రోడ్డు మింగేసింది.

ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం ఒక్కటే. నిజం రైలులా కనిపించాలంటే డబ్బు ముందు పట్టాల మీద పెట్టాలి. కొత్తవాళ్లందరూ మెరిసే ఎక్స్‌ప్రెస్ ఇంజన్ కొని, మిగిలిన చిల్లరతో పట్టాలు కొంటారు. చూసేవాడి కన్ను మాత్రం ముందు నేల మీదే పడుతుంది.

నేను వాడే బొమ్మ రైలు సైజు ఓఓలో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. బొమ్మ కొలత అడుగుకి 4 మి.మీ., అంటే 1:76. ఆ లెక్కన పట్టాల మధ్య దూరం 18.83 మి.మీ. ఉండాలి, ఉన్నది 16.5 మాత్రమే. బ్రిటిష్ ఇంజన్లు యూరప్ ఇంజన్ల కన్నా సన్నం. ఆ రోజుల్లో మోటార్లు వాటి బాడీలో పట్టక, బాడీని కాస్త పెంచి పట్టాల్ని అలాగే వదిలేశారు. అందుకే ఎదురుగా నిలబడి చూస్తే బండి ఇరుకు లైను మీద ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది భరించలేనివాళ్లు 18.2 మి.మీ. ఉండే ఈఎం గేజ్‌కో, అచ్చంగా 18.83 ఉండే పీ4 గేజ్‌కో వెళ్తారు. కొన్న ప్రతి ఇంజన్‌కీ చక్రాలు మార్చే ఓపిక నాకు లేదు. పక్కనుంచి చూస్తే తేడా తెలియదు కాబట్టి ఓఓతోనే ఉండిపోయాను.

పట్టాల్లో మాత్రం రాజీ పడలేదు. ముందు భాగమంతా పీకో కంపెనీ వాళ్ల కోడ్ 75 బుల్‌హెడ్ (పైనా కిందా ఉబ్బుగా ఉండే పాతకాలపు పట్టా). కోడ్ 75 అంటే పట్టా ఎత్తు అంగుళంలో వెయ్యికి 75 వంతులు. ఆనాటి బ్రిటిష్ లైన్లలో పట్టాను ఇనుప చెయిర్‌లో కూర్చోబెట్టి, చెక్క మేకుతో బిగించేవారు. ఆ చెయిర్లు ఇందులో ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి, స్లీపర్ల ఎడం కూడా సరిగ్గా ఉంటుంది. తెర వెనక బండ్లు దాచే చోట మామూలు కోడ్ 100 వేశాను. దాని స్లీపర్లు హెచ్ఓ (యూరప్ బొమ్మ రైళ్ల చిన్న కొలత) లెక్కలో చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

కంకర వేయడం మాత్రం సహనానికి పరీక్షే. పొడి కంకర చల్లి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకి సర్ది, పైన నీళ్లు స్ప్రే చేయాలి. తర్వాత సగానికి సగం నీళ్లు కలిపిన పీవీఏ జిగురులో (మన ఫెవికాల్ లాంటిదే) గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి డ్రాపర్‌తో వదలాలి. ఆ చుక్క వేయకపోతే జిగురు లోపలికి ఇంకకుండా ముత్యంలా పైనే నిలుస్తుంది, తీసినప్పుడు కంకరతో సహా పైకి లేస్తుంది. పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట, జిగురు కారి కదిలే పట్టా అతుక్కుందా, ఆ ఆదివారం పోయినట్టే.

పాయింట్ల గురించే ఇంకో మాట. రెండు పట్టాలు దాటుకునే ఫ్రాగ్ ప్లాస్టిక్‌ది కొంటే చిన్న ఇంజన్లు కరెంటు అందక దాని మీద ఆగిపోతాయి. నా దగ్గరున్న ట్యాంక్ ఇంజన్‌కి (నీళ్ల ట్యాంకు ఇంజన్ మీదే ఉండే రకం) నాలుగు పెద్ద చక్రాలు, వెనక రెండు చిన్నవి. వెనక చక్రాల నుంచి కరెంటు తీసే రేకులు కొన్నాళ్లకే వంగిపోయి, స్టేషన్లోకి లైన్లు విడిపోయే చోట మొరాయించడం మొదలుపెట్టింది. తయారుచేసిన వాళ్ల పేరు వద్దులెండి, ఇంజన్ అందంగానే ఉంటుంది. లోహపు ఫ్రాగ్ వేసి, పాయింటుతో పాటు దాని కరెంటు కూడా మారేలా చిన్న స్విచ్ పెట్టాక టెన్షన్ తగ్గింది.

ఈ ట్యాంక్ ఇంజన్ గ్రేట్ వెస్టర్న్ చీఫ్ ఇంజనీర్ కాలెట్ గీయించినది, 1932 నుంచి తయారైంది. దీని అసలు అందం ఆటోకోచ్‌తోనే. ఇంజన్ వెనక నుంచి తోస్తుంటే, డ్రైవర్ ముందున్న పెట్టెలో కూర్చుని కడ్డీలతో రెగ్యులేటర్ (ఆవిరి వదిలే మీట) తిప్పుతాడు, ఫైర్‌మన్ ఒక్కడే ఇంజన్ మీద ఉంటాడు. చివరి స్టేషన్లో ఇంజన్ విప్పి అటు తిప్పే పని ఉండదు. అయితే లేఅవుట్ మీద అదే లోటు కూడా, షంటింగ్ సరదా సగం పోతుంది. అందుకని గూడ్స్‌కి 57xx రకం ప్యానియర్ ట్యాంక్ (బాయిలర్‌కి రెండు పక్కలా నీళ్ల ట్యాంకులుండే ఇంజన్) పెట్టుకున్నాను. ఇవి 1929 నుంచి 1950 వరకు 863 తయారయ్యాయి, కాబట్టి ఏ గ్రేట్ వెస్టర్న్ లేఅవుట్ మీద పెట్టినా తప్పనేవాడు లేడు. ఆరు చక్రాలు, మంచి బరువు, ఇప్పటిదాకా ఒక్కసారీ మొండికేయలేదు. ఒక్క ఇంజనే కొంటానంటే ఇదే కొనండి.

కాలం విషయంలో చాదస్తం ఉంటేనే ఈ పనిలో రుచి. నాది 1935 వేసవి. ట్యాంక్ ఇంజన్ 14xx పేరుతో అమ్ముతారు గానీ ఆ నంబర్లు 1946లో వచ్చాయి. అంతకుముందు అవి 48xx. అందుకే ఇత్తడి నంబర్ ప్లేట్లు తెప్పించి మార్చాను. గూడ్స్ బండ్ల మీద జీడబ్ల్యూ అక్షరాలు 1936 దాకా 16 అంగుళాల పెద్దవి, ఆ తర్వాత చిన్నవయ్యాయి. నా దగ్గర అన్నీ పెద్దవే. సిగ్నల్ చెయ్యి కూడా అంతే, మిగతా బ్రిటిష్ కంపెనీలు పైకి లేచే రకానికి మారుతున్నా గ్రేట్ వెస్టర్న్‌ది కిందికే వాలేది. మన మీటర్‌గేజ్ స్టేషన్లలో సిగ్నల్ చూసినవాళ్లకి అది వెంటనే ఇంటిమనిషిలా తెలిసిపోతుంది.

డీసీసీ, అంటే ఒక్కో ఇంజన్‌కీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి, అందరికీ అవసరం లేదు. ఒక్క ఇంజనే తిరిగే బ్రాంచ్ లైనుకి మామూలు 12 వోల్టుల కంట్రోలర్ చాలు. నేను డీసీసీ తీసుకున్నది ఇంజన్‌ని మెల్లగా పాకించడం కోసం, ఆ పని బాగా చేస్తుంది. సౌండ్ చిప్ మాత్రం దండగ. మా ఆవిడ మొదటి రోజే "చాలా బాగుందండీ, ఇక ఆపండి" అంది. పట్టాల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే ఏ చిప్ పెట్టినా ఒకటే.

ఏదైనా కొనేముందు లాంగ్ విట్టెన్‌హామ్‌లోని పెండన్ మ్యూజియం చూడండి. రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియన్ మొదలుపెట్టిన ఆ బొమ్మ పల్లెల్లో ఇళ్లన్నీ అట్టముక్కలతో చేసినవంటే నమ్మబుద్ధి కాదు. దగ్గర్లోని డిడ్‌కాట్‌లో నా ట్యాంక్ ఇంజన్ రకమే, అసలైన 1466 ఇంజన్ ఉంది. ట్యాంకు కింద మసి, నూనె ఎక్కడ పేరుకుంటాయో అక్కడే ఫొటోలు తీసుకుని, ఆ ప్రకారమే నా ఇంజన్‌కి మురికి పూశాను.

ఇక మిగిలినవి బండ్లని ఒకదానికొకటి కలిపే కప్లింగులు. బండి మూతికి వేలాడే ఆ ప్లాస్టిక్ కొక్కెం అంత బొమ్మతనం ఇంకేదీ తీసుకురాదు. ఆటోకోచ్‌కి తీసేశాను. గూడ్స్ బండ్లకి అసలు రకం మూడు లింకుల గొలుసు వేద్దామని సామాను కొని పెట్టాను, కానీ దానికంటే ముందు కళ్లజోడు మార్చాలి.